పైడితల్లి తొడ ఎముక

బలాస్థి మాత్ర పనిచేస్తుందో లేదో తేల్చడానికి అస్థిబల అధ్యయన కేంద్రం వారు ఆషాఢంలో ఒక మంగళవారం ఉదయం పదకొండింటికి పైడితల్లి కుడి తొడ ఎముకను తీసుకుని, రసీదు రాసిచ్చి, ఆమెను ఇంటికి పంపించారు. నొప్పి పుట్టలేదు. కుట్లు పడలేదు. ఎముక ఉన్నచోట తాత్కాలికంగా ఒక వెదురు కర్ర అమర్చారు. వెదురు పచ్చిది కనక వానలకు చిగురు వేయవచ్చని, వేస్తే లాగకుండా కత్తెరతో కత్తిరించుకోవాలని నర్సు చెప్పింది.

పైడితల్లికి యాభై నాలుగేళ్లు. బొబ్బిలి దగ్గర ఒక ఊళ్లో సర్కారు బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. పద్దెనిమిదేళ్లుగా ఉడికిన అన్నం డేక్సాను పొయ్యి మీంచి దింపేది ఆమే. తోటి వంటమనిషి గౌరమ్మ రెండో చెవి పట్టుకుంటుంది గానీ, గౌరమ్మది చిన్న ఒళ్లు. బరువంతా పైడితల్లి వైపే ఒరుగుతుంది. ఆ ఏడు తుంటి పోటు ఎక్కువైతే పెద్దాసుపత్రికి వెళ్లింది. ఎముకలు గుల్లబారిపోయాయి, పాలూ గుడ్లూ తిను, ఆరు నెలలు బరువులెత్తకు అన్నారు అక్కడి డాక్టరుగారు. ఆమె సరేనని తలూపి, మర్నాడు పొద్దున్నే వెళ్లి పొయ్యి వెలిగించింది. మాత్రలు ఉచితంగా ఇస్తారని గౌరమ్మ చెప్పబట్టి కేంద్రంలో పేరు రాయించుకుంది.

మనిషి లోపల ఉన్నంతకాలం ఎముకను కచ్చితంగా కొలవడం కుదరదన్నది కేంద్రం సిద్ధాంతం. మనుషులు మెట్లెక్కుతారు, జారిపడతారు, ఉపవాసాలుంటారు, కొలతలు చెడగొడతారు. అందుకని మాత్రను మనిషికి ఇచ్చి, ఎముకను తమ దగ్గర ఉంచుకుంటారు. ఇరవై రెండు పేజీల ఒప్పంద పత్రంలో ఇదంతా ఉంది. పైడితల్లి ప్రతి పేజీ కిందా వేలిముద్ర వేసింది.

నెలకోసారి, రెండో మంగళవారం, ఎవరి ఎముకను వారు అద్దం అవతలి నుంచి గంటసేపు చూడవచ్చు. మొదటిసారి గౌరమ్మను వెంటబెట్టుకుని వెళ్లింది. హాలు నిండా అరలు. ఒక్కో అరలో దూది పరుపు మీద ఒక్కో ఎముక, దానికో నంబరు. పైడితల్లిది నలభై ఒకటి. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి దాన్ని రెండు చేతులతో ఎత్తి, చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని, వరండాలో లేత ఎండకు పెట్టింది. ముప్పావు గంటయ్యాక లోపలికి తెచ్చి, పాలలో ముంచి తీసి, నువ్వులపిండీ గుడ్డుసొనా కలిపి పట్టించింది. పక్కనే గోడ మీద రాసి ఉంది: "నమూనాలపై రెండు కిలోలకు మించి బరువు పెట్టరాదు. ఒంటిగంట నుంచి మూడు వరకు విశ్రాంతి. శబ్దం చేయవద్దు."

"అప్పా, నీ ఎముక్కి ఫేను కూడా ఏసినారే!" అంది గౌరమ్మ.

బయటికొచ్చాక పైడితల్లి, "రోజూ గుడ్డెడతారేటి దానికి?" అని అడిగింది. బడిలో గుడ్లు తలకొకటి చొప్పున పిల్లలకే వస్తాయి. ఉడకబెట్టి, పెంకు ఒలిచి, పళ్లాల్లో వేసే చేతులకు అందులో వాటా లేదు.

ఆమె రోజూ రాత్రి భోంచేశాక మాత్ర వేసుకుంది. ఒక్కరోజు మానలేదు. శ్రావణంలో తొడ దగ్గర రెండు చిగుళ్లొస్తే కత్తిరించుకుంది. డేక్సా దింపినప్పుడల్లా వెదురు కిర్రుమనేది. పిల్లలు మొదట్లో నవ్వారు, తర్వాత అలవాటుపడ్డారు.

ఆరో నెలలో కేంద్రం పెద్ద డాక్టర్ ప్రభంజన్ ఆమెను గదిలోకి పిలిచి కుర్చీ చూపించారు. ఆయన మంచి మాటకారి, మర్యాదస్తుడు.

"శుభవార్త పైడితల్లమ్మగారూ. మీ ఎముక బలం నూటికి ఇరవై రెండు పాళ్లు పెరిగింది. నలభై ఏళ్ల మనిషి ఎముకలా ఉంది."

"మీ మాత్ర మంచిదే బాబూ."

"అదే చెప్పబోతున్నాను. మీరు వేసుకున్నది మాత్ర కాదు. సుద్ద. సగం మందికి మాత్ర, సగం మందికి సుద్ద. ఎవరికి ఏదన్నది చివరిదాకా చెప్పం. పదమూడో పేజీలో ఉంది."

"సుద్ద తింటే ఎముకెలాగ బాగుపడింది బాబూ?"

"మాత్ర గురించి అడిగితే చెప్పగలను. మిగతాది మా అధ్యయనం పరిధిలోకి రాదమ్మా."

"పాలల్లో ముంచినారు. గుడ్డెట్టినారు. ఎండకి కూకోబెట్టినారు, మద్దేనం తొంగోబెట్టినారు. బరువు మొయ్యనివ్వనేదు. సుద్దేటి, మట్టి తిన్నా బాగుపడతాది. అది తెలవడానికి ఇంత మేడ కట్టాలేటి?"

"అది నమూనా సంరక్షణమ్మా. నమూనా పాడైతే అధ్యయనం పాడవుతుంది."

"మరి నాను పాడైతే?"

ఈ ప్రశ్నకు ఫారంలో గడి లేదు కాబట్టి ఆయన రాసుకోలేదు. వారం తిరక్కుండా పేపర్లో ప్రకటన వచ్చింది. వేసుకున్నవారికే కాక వేసుకోనివారికీ పనిచేసిన ఏకైక మాత్ర బలాస్థి అని అందులో ఉంది. పక్కన నలభై ఒకటో నంబరు ఎముక బొమ్మ వేశారు. బడి హెడ్మాస్టరుగారు దాన్ని చదివి వినిపిస్తుంటే పైడితల్లి గరిటె పక్కన పెట్టింది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని తిన్నగా బస్సెక్కింది.

"నా ఎముక నాకిచ్చీండి," అంది కేంద్రం గుమ్మంలో నిలబడి. "సుద్దెట్టి నన్ను మోసం సేసినారు. నా తుంటి నొప్పి అలాగే ఉంది, నా ఎముక మాత్రం పేపర్లోకెక్కింది. ఇచ్చీదాకా కదలను."

మూడు రోజులు గుమ్మంలోనే కూర్చుంది. గౌరమ్మ అన్నం కట్టుకొచ్చేది. నాలుగో రోజున కమిటీ కూర్చుని, ఎముకను మంచి స్థితిలో అందుకున్నట్టు రాయించుకుని ఇచ్చేసింది. వెదురు కర్రను కడిగి లోపల పెట్టుకున్నారు.

మొదటి మూడు వారాలూ పైడితల్లి పిల్లలా నడిచింది. చెరువు గట్టు మీద గౌరమ్మను వెనక వదిలేసి ముందుకు పోయింది. అంత సుఖం తన ఒంట్లో ఎన్నడూ లేదని చెప్పుకుంది. కానీ డేక్సా బరువు డేక్సాదే. చారూ అన్నమూ తిని, రోజూ దాన్ని దింపుతూ ఉంటే, నాలుగో నెలకు పాత పోటు పాత చోటికే వచ్చి కూర్చుంది.

కేంద్రం వారు పిలిపించి మళ్లీ కొలతలు తీసుకున్నారు. వారానికి నోటీసొచ్చింది. బాగుపడిన ఎముకను నిర్లక్ష్యంగా వాడి తిరిగి గుల్లచేసినందుకు సంజాయిషీ ఇవ్వాలని ఉంది. చెప్పిన రోజుకు వెళ్లింది. కమిటీలో అయిదుగురు. ప్రభంజన్ గారు మధ్యలో కూర్చుని నెమ్మదిగా చదివారు.

"మా దగ్గరున్న ఆరు నెలలూ ఎముక వృద్ధిలో ఉంది. మీ దగ్గరికి చేరిన నాలుగు నెలల్లో క్షీణించింది. కారణం మీరేనని తేలుతోంది. ఏమంటారు?"

పైడితల్లికి ఒళ్లు మండిపోయింది. బల్ల మీద చెయ్యి చరిచింది.

"ఏటంటాను! పద్దెనిమిదేళ్లు మోసింది ఆ ఎముకే, నానే. దానికి పాలు ఆరు నెల్లే దొరికినాయి, అదీ నన్నొగ్గీసి వచ్చినాక. అంత ఇదుంటే ఈ పాలి ఎముకని డేక్సా మొయ్యడానికి బడికి తోలీండి. నన్ను ఆ అరలో తొంగోబెట్టండి. ఆరు నెలలు నాకు గుడ్డెట్టి సూడండి, నానూ బాగుపడతానో నేదో!"

గదిలో ఎవరూ నవ్వలేదు. అయిదుగురూ నియమావళి తిరగేశారు.

"మనుషుల్ని ఉంచే ఏర్పాటు లేదమ్మా," అన్నారు ప్రభంజన్ గారు. నిజంగానే విచారించారు. "ఎముకలకే అనుమతి."

పైడితల్లి అద్దం అవతలికి చూసింది. వరండాలో ఎవరివో ఎముకలు వరసగా ఎండ కాగుతున్నాయి. చాలాసేపు చూసి, కుర్చీలో వెనక్కి జరిగి, రెండు కాళ్లూ బల్ల మీదికి చాపింది.

"అయితే రెండూ తీసుకోండి," అంది. "నాను తినకపోతే మానీ, నా ఎముకలైనా తింటాయి."

రెండు వెదురు కర్రలు అమర్చి, వేలిముద్రలు తీసుకుని పంపించారు. కారణం రాయాల్సిన చోట "స్వచ్ఛందంగా" అని ముందే అచ్చయి ఉంది. మర్నాడు బడిలో పిల్లలకు అన్నం వేళకే అందింది. కనక ఎవరూ ఏమీ అడగలేదు.