ఇంటికో పాము, దానికో మొండి కుబుసం

ప్రతి ఇంట్లోనూ ఒక పాము ఉండాలి! అదీ మామూలు పాము కాదు. కుబుసం సగం విడిచి, సగం ఒంటికి అంటించుకుని, ఇంటిల్లిపాదికీ కంటి మీద కునుకు లేకుండా చేసే పాము ఉండాలి. అలాంటి పాము లేని కాపురం ఉప్పు లేని పప్పు!

నవ్వుతున్నారా? నవ్వండి. ఐర్లండ్‌లో కాజిల్‌బార్ అనే ఊళ్ళో ఉండే జయకర్ మాత్రం మొదటిసారి ఆ పామును చూసి నవ్వలేదు. సోఫా ఎక్కి నిలబడ్డాడు.

జయకర్‌ది గుంటూరు వైపు. చిన్నప్పటి నుంచీ పాములంటే హడల్. భార్య లీలారాణికి ఐర్లండ్‌లో నర్సు ఉద్యోగం వచ్చినప్పుడు, అక్కడి వానల గురించీ చలి గురించీ ఇళ్ళ అద్దెల గురించీ అందరూ భయపెట్టారు. అయినా ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. ఎందుకంటారా? ఆ దేశంలో పాములు లేవట! ఎప్పుడో ప్యాట్రిక్ అనే పుణ్యాత్ముడు వాటన్నిటినీ సముద్రంలోకి తరిమేశాడట. ఏటా మార్చిలో ఆయన పండక్కి ఊళ్ళోవాళ్ళకంటే ముందే జయకర్ ఆకుపచ్చ చొక్కా వేసుకుని వీధిలోకి వచ్చేవాడు. చూసినవాళ్ళు భక్తి అనుకునేవారు. అది ఉత్త కృతజ్ఞత.

అలాంటి ఇంటికి లాక్‌డౌన్‌లో పాము వచ్చింది. కూతురు అబిగేయిల్ స్నేహితురాలి కుటుంబం ఇల్లు మారుతోంది. కొత్త ఇంటి లీజులో పెంపుడు జంతువులు వద్దన్నారట. దాంతో ఆ పిల్ల తన పామును గాజుపెట్టెతో సహా తెచ్చి వీళ్ళ గుమ్మంలో పెట్టి వెళ్ళింది. కార్న్ స్నేక్ అంటారు. నారింజ రంగు. విషం లేదు, కోపం లేదు, ఆ ఇంట్లో అందరికంటే నెమ్మది. అబిగేయిల్ దానికి పెట్టిన పేరు ఏమిటో తెలుసా? ప్యాట్రిక్!

"డాడ్, హీ ఈజ్ గ్రాండ్. హీ ఓంట్ టచ్ యూ," అంది అబిగేయిల్. ఆ పిల్లకు తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం అక్కడి మేయో జిల్లా యాసలో వస్తుంది. ఆ యాసలో గ్రాండ్ అంటే 'ఏం ఫర్వాలేదు' అని.

"గ్రాండో, గ్రాండ్‌ఫాదరో, నా కంటికి మాత్రం కనపడకూడదు," అన్నాడు జయకర్ సోఫా మీద నుంచే.

చివరికి పాము చావకుండా, కర్ర విరగకుండా ఒక తీర్పు చెప్పాడు. పాము ఉండొచ్చు. కానీ మేడ మీద మూలనున్న చిన్న గదిలో ఉండాలి. తలుపు ఎప్పుడూ వేసి ఉండాలి.

ఇక లాభాలు చూడండి! మొదటి లాభం మత సామరస్యం. అదే దేశంలో బాలింకాలిగ్ అనే ఊళ్ళో జయకర్ స్నేహితుడు పురుషోత్తం ఉన్నాడు. ఆయన భార్య కమల, నాగుల చవితికి ఈ దేశంలో ఒక్క పుట్ట కూడా దొరకదని ఏటా కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ప్యాట్రిక్ సంగతి తెలియగానే వీడియో కాల్ చేసి, ఫోనుకు పసుపు కుంకుమ పెట్టి, హారతి ఇచ్చి, "స్వామీ, మా అబ్బాయి ఆశిష్‌కి లెక్కలు వచ్చేలా చూడు తండ్రీ," అని మొక్కింది. ప్యాట్రిక్ నిమ్మకు నీరెత్తినట్టు పడుకుంది.

అదే వారంలో ఆదివారం జూమ్ ప్రార్థన. చిన్న గదిలో ఇంటర్నెట్ బాగా వస్తుందని అబిగేయిల్ అక్కడ కూర్చుంది. కూటం పెద్ద కోటయ్య అంకుల్ వాక్యం చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. "అమ్మాయ్, నీ వెనకాల ఉన్నది వైరా, ఆదికాండం మూడో అధ్యాయపు సర్పమా?" అన్నాడు. ఆ రోజు ప్రార్థనలో ఎవరూ మ్యూట్‌లో నిద్రపోలేదు. ఏ ప్రసంగం సాధించింది ఇంతటి ఫలితం?

కరోనా మొదలైన మరుసటి జనవరి వచ్చింది. ఆ జనవరి ఎలాంటిదో మీకు నేను చెప్పాలా? ఆసుపత్రిలో మంచాలు నిండిపోయాయి. లీలారాణి పొద్దున చీకటితో వెళ్ళి, సాయంత్రం చీకటితో వచ్చేది. మొహం మీద మాస్కు గాట్లు. ఇంట్లోవాళ్ళకి అంటకూడదని విడిగా పడుకుంటానంది. ఖాళీగా ఉన్న గది అదొక్కటే, పాము గది.

"దాంతో ఎట్లా పడుకుంటావు లీలా?" అన్నాడు జయకర్ గుండె చేత్తో పట్టుకుని.

"ఇదైతే దగ్గదు కదండీ," అంది ఆమె. తలగడ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

జయకర్ ఊరికే కూర్చునే మనిషని మీరు పొరబడకండి. మందుల కంపెనీ ఆఫీసు పని ఇంటి నుంచే చేస్తూ, ఇల్లంతా చక్కబెట్టాడు. ఇడ్లీ పిండి పులియడానికి హాట్ ప్రెస్‌లో పెట్టాడు. అదే, వేడినీళ్ళ ట్యాంకు ఉండే బీరువా. నర్సులకి జనం చప్పట్లు కొట్టినప్పుడు, వీధి మొత్తానికీ వినపడేలా పళ్ళెం మీద గరిటెతో మోగించింది కూడా అతనే. అన్నిటికీ మించి, డీహ్యూమిడిఫయర్ కొన్నాడు!

గాలిలో తడిని పీల్చే యంత్రం అది. ఆ ఊళ్ళో బట్టలు ఆరాలంటే సూర్యుడు కావాలి. సూర్యుడికి ఆ ఊరు అంతగా నచ్చదు. లీలారాణి యూనిఫాం రోజూ ఉతకాలి, రోజూ ఆరాలి. అందుకని బట్టల స్టాండునూ యంత్రాన్నీ తీసుకెళ్ళి చిన్న గదిలోనే పెట్టి, తలుపు బిగించి, రాత్రింబవళ్ళు ఆడించాడు. అది పీల్చిన నీళ్ళ తొట్టిని పాలబిందెలా మోసుకొచ్చి కూతురికి చూపించేవాడు. "చూశావా? ఇదంతా ఆ గదిలోదే!"

"గొంతు ఎండిపోతోందండీ ఆ మిషనుకి," అని లీలారాణి ఒకసారి తలుపు వెనక నుంచి అంది.

"మరి తడి బట్టలతో డ్యూటీకి వెళ్తావా?" అన్నాడు జయకర్. న్యాయమైన ప్రశ్నే కదా? ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

భోజనం పళ్ళెం గుమ్మం ముందు పెట్టి, తలుపు కొట్టి, నాలుగడుగులు వెనక్కి వచ్చేవాడు. ఆ మధ్య ఆమె స్పూన్ అడగడం మొదలుపెట్టింది. ఆవకాయ వద్దంది. ఆవకాయ లేనిదే ముద్ద దిగని మనిషి!

"ఇన్నేళ్ళలో రాని దొరసాని పోకడ ఇప్పుడొచ్చిందే మీ అమ్మకి!" అని అబిగేయిల్‌తో అని, తన చమత్కారానికి తనే నవ్వుకుని, స్పూన్ కడిగి పెట్టేవాడు.

అప్పుడు జరిగింది అసలు ఉపద్రవం. ప్యాట్రిక్ కళ్ళు పాలు పోసినట్టు తెల్లబడ్డాయి. కుబుసం విడిచే ముందు అలాగే అవుతుందట. బాగున్న పాము మూతి దగ్గర మొదలుపెట్టి, మేజోడు విప్పినట్టు ఒకే ముక్కగా పాత చర్మం వదిలేస్తుంది. ప్యాట్రిక్‌కి మాత్రం ముక్కలు ముక్కలుగా లేచి, ఒంటికే అంటుకుపోయింది. తోక చివర పాత చర్మం ఉంగరంలా బిగుసుకుంది. అది అలాగే ఉండిపోతే రక్తం ఆడక, తోక చివర చచ్చిపోతుంది.

అబిగేయిల్ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఆ పాము ఎటైనా పోవాలని అన్ని నెలలు రహస్యంగా ప్రార్థించిన జయకర్‌కి, కూతురి కన్నీళ్ళు చూడగానే మనసు నీరైపోయింది. తన ప్రార్థన ఆలస్యంగా పైకి చేరిందేమోనని భయం కూడా వేసింది.

ఇక చూడండి, ఆ ఇంట్లో చర్మశాస్త్రం ఎలా వర్ధిల్లిందో! అల్పాహారం దగ్గర కుబుసం, ఆఫీసు మీటింగులో కుబుసం. కమల ఉపవాసం ఉంటానంది. కోటయ్య అంకుల్ "సర్పమే అయినా దేవుని సృష్టే కదా," అని ప్రార్థన చేశాడు. జయకర్ మాత్రం మన జాతి యావత్తూ నమ్మే దివ్యౌషధాన్ని బయటికి తీశాడు. కొబ్బరినూనె! తలకైనా కాళ్ళకైనా అదే కదా మనకి? గరిటె కాడకి దూది చుట్టి, నూనెలో ముంచి, మొహం పక్కకి తిప్పుకుని, చెయ్యి బారుగా చాచి పాముకు తలంటు పోశాడు. ప్యాట్రిక్ గారెలా మెరిసింది. కుబుసం వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"డాడ్! స్టాప్ ఫ్రయింగ్ హిమ్!" అని అరిచింది అబిగేయిల్.

పాములు చూసే డాక్టరమ్మ ఎక్కడో దూరాన, అత్లోన్ ఊరు అవతల ఉంది. ఐదు కిలోమీటర్లు దాటి వెళ్ళకూడని రోజులవి. దారిలో గార్డులు, అంటే అక్కడి పోలీసులు, కారు ఆపి ఎక్కడికని అడిగితే, "పాము చర్మం బిగుసుకుందండీ," అని చెప్పే ధైర్యం జయకర్‌కి లేదు. అందుకని లీలారాణి సెలవు రోజున వీడియో కాల్ పెట్టారు.

బాత్‌రూంలో తొట్టె, గోరువెచ్చని నీళ్ళు. కిటికీ తెరిచి ఉంది, అందరికీ మాస్కులు. పామును పట్టుకోవాల్సిన అబిగేయిల్, అది మెలిక తిరిగినప్పుడల్లా పట్టు వదిలేస్తోంది. జయకర్ సంగతి సరేసరి, మెట్ల దగ్గర గోడకి అతుక్కుపోయి ఉన్నాడు.

"ఇటివ్వు. నువ్వు ఫోన్ పట్టుకో," అంది లీలారాణి.

డాక్టరమ్మ మొదట గది గురించి అడిగింది. డీహ్యూమిడిఫయర్ మాట వినగానే, "అయ్యో, ముందు దాన్ని ఆపండి. ఆ గదిలో దానికి ఊపిరికి కూడా తడి లేదు," అంది. జయకర్ పరుగెత్తుకెళ్ళి ప్లగ్ ఊడబీకాడు. భార్య చెప్పినప్పుడు వాదించిన మనిషి, పాము డాక్టరు చెప్పగానే ఎంత చురుకో చూడండి!

"లాగకండి. తడి తువ్వాలు వదులుగా పట్టుకోండి. దాని అంతట అదే పాకి బయటికి వస్తుంది," అంది డాక్టరమ్మ.

లీలారాణి తువ్వాల్ని గుప్పిట్లో గూడులా పట్టుకుంది. ప్యాట్రిక్ ఒకవైపు దూరి, ఇంకోవైపు నుంచి మెల్లగా జారింది. పొర పొరగా పాత చర్మం తువ్వాలుకి అంటుకుంటూ వచ్చింది. చివరిగా తోక ఉంగరం. ఆమె బొటనవేలితో తడిపి, తడిపి, కట్టు విప్పినట్టు విప్పింది. కింద తోక ఆరోగ్యంగా, కొత్త నాణెంలా ఉంది.

"మామ్, యూ డిడ్ ఇట్!" అని గంతులేసింది అబిగేయిల్. జయకర్ గోడ దగ్గర నుంచే "స్తోత్రం!" అన్నాడు.

"పాము బాగుంది. ఫోన్ కాస్త దగ్గరికి తీసుకురామ్మా," అంది డాక్టరమ్మ. "తోక కాదు, ఇటు. ఆ చేతులు ఎవరివి?"

 అబిగేయిల్ ఫోన్ దించి, మామూలు కళ్ళతో చూసింది. జయకర్ కూడా గోడ వదిలి వచ్చి చూశాడు. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం చీలి ఎర్రబడి ఉంది. వేళ్ళ సందుల్లో పొరలు పొరలుగా లేచిపోయింది. తువ్వాలు మీద మచ్చల్లో కొన్ని పామువి కావు.

లీలారాణి చేతులు తువ్వాలు కిందికి లాక్కుంది. "ఏం లేదు డాక్టర్. శానిటైజరు, గ్లోవ్స్. మా అందరికీ ఇంతే. ఇట్స్ గ్రాండ్."

"పాముకైతే ఇంతదాకా రాకముందే నాకు ఫోన్ చేశారు కదా!" అంది డాక్టరమ్మ. ఆవిడ తిట్టలేదు. అందుకే జయకర్‌కి ఎక్కువ తగిలింది.

అతనికి స్పూన్ గుర్తొచ్చింది. వద్దన్న ఆవకాయ గుర్తొచ్చింది. చీలిన వేళ్ళకి ఆవకాయ కారం తగిలితే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. గదిలో గాలికి ఎంత తేమ కావాలో, తోకకి రక్తం ఎలా ఆడుతుందో కంఠతా పట్టిన మనిషికి, తన పెళ్ళాం అన్నం ఎందుకు కలుపుకోవడం లేదో తెలియలేదు. 

ఆ మధ్యాహ్నం పళ్ళెం గుమ్మం ముందు పెట్టి వెనక్కి రాలేదు. కిటికీలు తెరిచి, మాస్కు బిగించి, పప్పన్నంలో నెయ్యి వేసి కలిపి, గుమ్మం బయటే కూర్చున్నాడు. లోపల లీలారాణి గుమ్మం పక్కనే మంచం చివర కూర్చుని ఉంది. చేతులకి మందు రాసి, గుడ్డ చుట్టి ఉంది.

"స్పూనేదండీ?"

"స్పూనూ లేదు, గీనూ లేదు. నోరు తెరువు," అని ముద్ద చేసి, మొహం పక్కకి తిప్పుకుని, చెయ్యి బారుగా చాచాడు. అచ్చం పాముకు నూనె రాసినట్టే!

"డాడ్, యూజ్ ప్యాట్రిక్స్ టాంగ్స్!" అంది వెనక నుంచి అబిగేయిల్. ప్యాట్రిక్‌కి మేత పెట్టే పొడుగాటి పట్టకారు అది.

లీలారాణి నవ్వింది. ముద్ద నోటితో అందుకుని, నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. అది ఏడుపని ఈసారి జయకర్‌కి ఎవరూ ఫోన్ దగ్గరికి పెట్టి చూపించాల్సిన పని లేకపోయింది.

కాబట్టి పాఠకులారా, మళ్ళీ చెబుతున్నాను. ఇంటికో పాము కావాలి! వీధిలోకి వచ్చి పళ్ళాలు మోగించడం మనకి బాగా వచ్చు. ఇంట్లో మనిషి చెయ్యి చూడటమే రాదు. ఆ చెయ్యి మన కంట పడాలంటే, అది ఒక పామును పట్టుకుని, ఆ పాము కెమెరా ముందుకు రావాలి.

పాము దొరకలేదా? పోనివ్వండి. ఇవాళ అన్నం దగ్గర మీ ఇంట్లో ఎవరు స్పూన్ అడిగారో చూడండి.