మిరపకాయల జాగాలో కరెంటు

శ్యామ్‌సుందర్‌కు లోకంలో రెండంటేనే భయం. ఒకటి కరెంటు, రెండోది కమల. కరెంటుకైతే రబ్బరు చెప్పులున్నాయి. కమలకు ఏ చెప్పులూ పనిచేయవని ఇరవై రెండేళ్ల కాపురంలో తెలుసుకున్నాడు.

గీజరు స్విచ్చి వేయాలన్నా చెప్పులు తొడుక్కుని, చెక్క గరిటెతో నొక్కే మనిషి. లక్డీకాపూల్‌ ఆఫీసులో అందరూ ఆయన్ని షాకుసుందర్ అంటారు. అట్లాంటివాడు ఇంటి మీద సోలార్ పెట్టించాలని పూనుకున్నాడంటే కారణం పక్క సీటు రాంచందర్. "మా ఏసీకి సూర్యుడే కరెంటిస్తుండు భాయ్" అని రోజూ టిఫిన్ డబ్బా తెరవగానే మొదలుపెట్టేవాడు. వినీ వినీ శ్యామ్‌సుందర్‌కు పప్పన్నం సయించడం మానేసింది.

చిక్కల్లా డాబాతోనే. నాంపల్లిలోని ఆ ఇల్లు కమలకు వాళ్ల నాన్న ఇచ్చింది. డాబా మీద ఎండ బాగా పడే జాగా ఆమె మిరపకాయలది. ఒకసారి అక్కడ స్కూటరు కవరు ఆరేసిన పాపానికి మూడు రోజులు ఉత్త చారుతో అన్నం తిన్నాడు.

అందుకే కమల చాదర్‌ఘాట్‌లో అక్క ఇంటికి పోయిన రెండు రోజుల్లో పని కానిచ్చాడు. అంతకు నెల ముందే కరెంటు బిల్లు ఫోటో తీసి సోలార్ పెట్టే ఎల్లేష్‌కు పంపాడు. మిగతా కాగితాలన్నీ ఎల్లేషే చూసుకున్నాడు.

"సార్, సోలార్ పలకలు పెట్టే జాగ జర పైకొచ్చి చూస్తరా?"

"నేను రాను. ఎండ మంచిగొచ్చే జాగల పెట్టు" అని గేటు బయట నిలబడి అరిచాడు.

పని అయిపోయాక కూడా డాబా ఎక్కలేదు. నెత్తి మీద అంత కరెంటు తయారవుతోందని ఇంట్లో కూడా రబ్బరు చెప్పులు విప్పలేదు. మిరపకాయల జాగా పోయిందని కమలకు తెలిసే క్షణానికి మాత్రం ఆ చెప్పులూ పనిచేయవు.

మూడో రోజు పొద్దున ఆటో ఆగింది. కమల ఒక చేత్తో బ్యాగు, ఇంకో చేత్తో సంచి పట్టుకుని దిగింది. సంచిలోంచి ఎర్రగా తొంగిచూస్తున్న మిరపకాయలు చూసి శ్యామ్‌సుందర్ మెట్లకు అడ్డం నిలబడ్డాడు.

"ఉస్మాన్‌గంజ్‌ల మిరపకాయలు మంచిగున్నయని తెచ్చిన. ఇప్పుడే ఎండకు పోస్త."

"వద్దు కమలా! పైన కోతులున్నయి!"

"మీరుండంగ వేరే కోతులు గూడ వస్తయా?"

"ట్యాంకు కారుతుంది. జారి పడతవ్."

"చెమట మీకు కారుతుంది. జరుగుండ్రి."

ఆమె మెట్లెక్కింది. ఆయన కింది మెట్టు మీద కూలబడి కేక కోసం ఎదురుచూశాడు. కేక రాలేదు. ఐదు నిమిషాలైనా రాలేదు. కేకకంటే అదే ఎక్కువ భయపెట్టింది. తిడితే తట్టుకోవచ్చు గానీ, ఇట్లా మాటాపలుకూ లేకుండా మళ్లీ చాదర్‌ఘాట్ ఆటో ఎక్కితే తన గతేమిటి?

"ఏమండీ, జర పైకి రండి."

రబ్బరు చెప్పులు తొడుక్కుని, గోడ పట్టుకుని ఎక్కాడు. మిరపకాయలు ఎప్పటి జాగాలోనే ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. పలకలేమో మెట్ల పక్క మూలన మెరుస్తున్నాయి. అది తను ఆదివారం పూట ఇంటి పని తప్పించుకుని, పేపరు అడ్డం పెట్టుకుని కునికే మూల. మడత కుర్చీ ట్యాంకుకు ఆనించి ఉంది.

"గిదేంది? గీడికెట్ల వచ్చినయ్?"

"కరెంటు మీటరు ఎవరి పేరు మీదున్నది?"

"నీ పేరు మీదనే" అంటూ శ్యామ్‌సుందర్ నాలిక్కరుచుకున్నాడు.

"మీరు దరఖాస్తు పెట్టిన్నాడే నా ఫోన్‌కు ఓటీపీ వచ్చింది. ఎల్లేష్ అడిగితే చెప్పిన. గీ మూల గూడ గంతే ఎండ వస్తదన్నడు. గీడనే పెట్టమన్న."

"నెల నుంచి తెల్సా నీకు? మరి నాకెందుకు చెప్పలే?"

"మీరు నాకు చెప్తరేమో అని చూసిన. దుమ్ముల నేనెందుకని అక్క ఇంటికి పోయిన."

నెల రోజులు ఊరికే వణికానన్నమాట అనుకుని, సిగ్గుతో తల వంచుకున్నాడు. వంచిన తల ముందుకే బకెట్టు, మెత్తటి గుడ్డ వచ్చాయి.

"దుమ్ము పడితే కరెంటు తక్కువొస్తదంట. ప్రతి ఆదివారం పలకలు కడగాలె. ఎవరు కడుగుతరని ఎల్లేష్ అడిగితే మీ పేరు చెప్పిన."

"నేనా! కమలా, నాకు కరెంటంటే..."

"తెల్సు" అంటూ ఆమె బ్యాగులోంచి ఒక పొట్లం తీసింది. "అందుకే ఆబిడ్స్‌ల ఆటో ఆపి కొత్త రబ్బరు చెప్పులు తెచ్చిన. తొడుక్కోండి, ఇయ్యాల ఆదివారమే."