ఒకటో నంబరు టోకెను దేముడు

ఖరగ్‌పూర్ ఆంధ్ర శ్రామిక సైకిల్ సంఘం తన జట్టును పర్వత శిక్షణ శిబిరం కోసం విదేశం పంపాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. విదేశం అంటే భూటాన్. నవ్వకండి. ఓటరు కార్డు చూపిస్తే రానిచ్చేదైనా విదేశం విదేశమే. డార్జిలింగ్ మన బెంగాల్లోనే ఉంది కదా అని ఎవరో అడిగారట. స్వదేశంలో తీసుకున్న శిక్షణకు దండలు పడవని ఆయనకు నచ్చజెప్పారు.

జట్టు ఎంపిక అత్యంత న్యాయంగా జరిగింది. రైల్వే వర్క్‌షాపు గేటు పక్కన సంఘానికో సైకిలు స్టాండు ఉంది. చేరిన వరుసలో సభ్యులకు ఇత్తడి టోకెన్లు ఇస్తారు. పైవాడు రిటైరైతే కిందివాళ్ళంతా ఒక్కో నంబరు పైకి జరుగుతారు. మొదటి నాలుగు టోకెన్లవాళ్ళే జట్టు. ఎవరు బాగా తొక్కుతారన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు. తట్టినా అడగరు, పద్ధతి కాదు కనుక.

ఆ విధంగా ఫిట్టరు దేముడు, రిటైర్మెంటుకు ఆరు నెలల ముందు, జట్టు నాయకుడయ్యాడు. ఇందులో ఒకే ఒక్క చిన్న ఇబ్బంది ఉంది. ఆయనకు సైకిలు తొక్కడం రాదు.

ముప్పై నాలుగేళ్ళ కిందట, కొత్త సైకిలు కొన్నరోజే ఖరిదా బజార్లో పడి, కూరగాయల బుట్టల్లోంచి లేచి, ఇక ఎక్కకూడదని ఒట్టేసుకున్నాడు. ఒట్టేసుకున్నాడు గానీ సైకిలు వదల్లేదు. హేండిలుకు అన్నం డబ్బా, గొడుగు తగిలించి, అరగంట ముందే బయల్దేరి నడిపించుకుంటూ వెళ్ళేవాడు. సైరన్ వేళ గేటు దగ్గర ఆ జనంలో ఎంతటివాడైనా దిగి తోసుకోవలసిందే కాబట్టి తేడా తెలిసేది కాదు. దారిలో ఎవరైనా అడిగితే "గాలి తక్కువుంది" అనేవాడు. ముప్పై నాలుగేళ్ళుగా ఆ సైకిలుకు గాలి తక్కువే. భార్య నూకాలమ్మను ఒక్కసారి కూడా వెనక కూర్చోబెట్టుకోలేదు. మొగుడు టైరు అరుగుతుందని పిసినారితనం చేస్తున్నాడని ఆవిడ నమ్మకం.

ఈ ఆరు నెలలూ గుట్టు బయటపడకుండా దాటిపోతే చాలనుకున్నవాడు దేముడు. సంఘం అధ్యక్షుడు కృపారావు దగ్గరకు పరుగెత్తాడు.

"నన్నొగ్గీండి బాబూ. కుర్రోల్ని అంపండి. ఆ వినీల ఉంది, గాలినాగ తొక్కుద్ది."

"వినీల టోకెను రెండు వందల పద్నాలుగు," అన్నాడు కృపారావు బాధగా. "ఈరోజు వేగం చూసి పంపితే, రేపు తెలివి చూసి అధ్యక్షుణ్ణి ఎన్నుకోమంటారు. అప్పుడు సంఘం ఏమైపోతుంది, దేముడుగారూ?"

దేముడు వెళ్ళి పెట్టె సర్దుకున్నాడు. వినీలకూ అన్యాయం జరగలేదు. పంక్చర్లు వేసే పనిమీద ఆమెను వెంట పంపారు.

శిబిరంలో మొదటి ఉదయం. రోడ్డు నిచ్చెనలా ఆకాశంలోకి పోతోంది. పైనున్న జెండా దగ్గరకు చేరడమే పరీక్ష. రెండు, మూడు, నాలుగు టోకెన్లు తిమోతి, సూసన్న, టోని సైకిళ్ళెక్కారు. ముగ్గురి వయసులూ కలిపితే నూట డెబ్భై పైచిలుకు. యాభై గజాలు తొక్కి దిగిపోయారు. దిగినవాళ్ళకు తోయడం చేతకాలేదు. పెడలు పిక్కలకు కొట్టుకుంటోంది, సైకిలు వెనక్కి జారుతోంది. తిమోతి సైకిలు ఆయన్ని వదిలేసి ఒంటరిగా కిందికి వెళ్ళిపోయింది.

దేముడు మాత్రం ఎడమచెయ్యి హేండిలు మీద, కుడిచెయ్యి కేరియరు మీద, తుంటి ఆసరాగా పెట్టి, ఖరిదా బజారుకు వెళ్తున్నట్టు వెళ్ళాడు. ముప్పై నాలుగేళ్ళ సాధన. దారిలో ఒక మేఘం అడ్డొస్తే బెల్లు కొట్టాడనీ, అది పక్కకు తప్పుకుందనీ టోని ఇప్పటికీ చెబుతాడు. నేను నమ్ముతాను.

జెండా దగ్గర వినీల అప్పటికే కూర్చుని వేరుశనగలు తింటోంది. పంపు వీపుకు కట్టుకుని, మొత్తం తొక్కుకుంటూ వచ్చింది. పంక్చర్లు వేసే మనిషి గనుక అది లెక్కలోకి రాదు.

"మావయ్యా, నీకు తొక్కడం రాదు కదేటి?"

దేముడు గబగబా చుట్టూ చూశాడు. "ఎలా కనిపెట్టినావు?"

"నీ సైకిలు సూస్తే తెలీదేటి. సీటు కొత్త పెళ్ళికూతుర్నాగుంది. హేండిలు పెయింటంతా ఊడిపోనాది."

"సెప్పీకే తల్లీ. పరువు పోద్ది."

"సెప్పను. ఇంటికెళ్ళినాక నేర్పుతాను. అత్తనెప్పుడేనా ఎక్కించుకుందువుగాని."

ఖరగ్‌పూర్ తిరిగొచ్చాక సుభాష్‌పల్లి హాల్లో సన్మానం జరిగింది. కృపారావు మైకు ముందు కళ్ళు తుడుచుకున్నాడు. "సైకిలు మనల్ని మోయాలనుకునేవాడు స్వార్థపరుడు. సైకిలును తాను నడిపించినవాడు నాయకుడు. హిమాలయాలు మన ఒకటో టోకెనుకు తలవంచాయి."

శాలువా కింద దేముడికి చెమటలు పట్టాయి. ఇన్ని దండలతో అబద్ధం మోయడం కొండెక్కడంకంటే కష్టమనిపించింది. మైకు అందుకున్నాడు. "అయ్యలారా, నిజం సెప్పేస్తాను. నాకు సైకిలు తొక్కడం రాదు."

చప్పట్లు హాలు కప్పును కదిలించాయి. ఇంత వినయం తామెన్నడూ చూడలేదని పెద్దలు లేచి నిలబడ్డారు. ఇకపై సభ్యులంతా సైకిళ్ళను తోసుకుంటూనే వెళ్ళాలని అక్కడికక్కడే తీర్మానమైంది. కొండమీద తొక్కినందుకు వినీలకు సంజాయిషీ నోటీసు ఇచ్చారు.

ఆమె దానితో వేరుశనగల పొట్లం కట్టుకుని, రోజూ పొద్దున్నే రైల్వే మైదానంలో దేముడికి నేర్పింది. ఆయన పదకొండుసార్లు పడ్డాడు. పన్నెండోసారి పడలేదు.

రిటైరైన రోజు సాయంత్రం దేముడు నూకాలమ్మను వెనక కూర్చోబెట్టుకుని ఖరిదా రోడ్డు మీద తొక్కుకుంటూ వచ్చాడు. "టైరరిగిపోద్దేమో సూసుకో," అందావిడ, ఆయన నడుం గట్టిగా పట్టుకుని. రోడ్డుకు రెండువైపులా సంఘ సభ్యులు రెండు వందల మంది సైకిళ్ళు తోసుకుంటూ వెళ్తున్నవాళ్ళు నిలబడిపోయారు.

"పాపం, ఎలాంటి మనిషి ఎలా అయిపోయాడు," అన్నాడు కృపారావు, రొప్పుతూ. జ్ఞాపకంగా ఉంచుకొమ్మన్న టోకెనును మర్నాడే వెనక్కి తీసుకున్నారు. దేముడు బెల్లు కొట్టుకుంటూ వచ్చి ఇచ్చిపోయాడు.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి, మంచిదే. ఇంతకీ మీ ఆఫీసులో మీ టోకెను నంబరెంత?