ఎడమ పక్కది కుడి పక్కకు

సంభాషణల రచయిత త్రినాథరావు ఆ ఉదయం పెట్టుకున్న పని చాలా చిన్నది. కాఫీ తాగి, క్లైమాక్స్ సీను ఈమెయిల్లో పంపి, మళ్ళీ పడుకోవడం. షూటింగు జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో జరుగుతోంది. ఫిల్మ్ నగర్‌లోని ఆయన ఇంటి నుంచి ఆటో ఎక్కితే, డ్రైవరు పెట్టిన పాట పూర్తయ్యేలోగా చేరుకోవచ్చు.

"కాగితాలు పట్టుకెళ్ళి ఇచ్చి రాకూడదూ?" అంది భార్య శ్యామలాదేవి.

"ఊరంతా సాఫ్ట్‌వేర్ అంటుంటే నేనింకా కాగితాలు మోయాలా? కంప్యూటర్ కొన్నది గుడ్డ కప్పి పెట్టుకోవడానికా?"

కొన్నప్పటి నుంచీ ఆయన దాంతో చేసింది నిజానికి అదే. కానీ వరసగా రెండు చిత్రాలు పోయాక, 'రావుగారు పాతబడ్డారు' అన్న మాట ఆయన చెవిన పడింది. ఇదీ పోతే ఇక పిలిచేవాళ్ళుండరు. అందుకే దర్శకుడు క్రాంతికుమార్‌తో, "ఇక నా సీన్లన్నీ ఈమెయిల్లోనే" అని గొప్పగా చెప్పి వచ్చారు.

సీను పంపిన కాసేపటికి ప్రొడక్షన్ మేనేజర్ ఓదెలు ఫోన్ చేశాడు.

"సార్, మెయిలొచ్చింది గని సీను లేదు. విన్‌మెయిల్ డాట్ డాట్ అని ఏందో ఉన్నది. నొక్కితే తెరుసుకుంటలేదు."

"మీ మెయిల్ ప్రోగ్రాం వేరేదయి ఉంటుందయ్యా."

"గది నాకేమెరుక సార్? పొద్దుగాల మంచిగనే ఉండె."

త్రినాథరావు తన ప్రోగ్రాంలో కనబడిన సెట్టింగులన్నీ మార్చి మళ్ళీ పంపారు. మళ్ళీ ఫోన్ మోగింది.

"ఇప్పుడు తెరుసుకున్నది సార్. గని గిది తెలుగూ కాదు, ఇంగ్లిషూ కాదు. టోపీలు పెట్టుకున్న అక్షరాలు, నడుమ డాలర్ గుర్తులు. అమ్మ వేషం లీలాకుమారి మేడం మేకప్ ఏసుకొని కూసున్నరు. పగటి పన్నెండింటికే పోతరట. మీరే జర వచ్చి ఇయ్యరాదు?"

"ఫికర్ చెయ్యకయ్యా. మా తెలుగు ఫాంటు మీ దగ్గర లేదు, అంతే. నాకు తెలిసిపోయింది."

తెలిసిపోయిందన్న ఆనందంలో ఆయన తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, మూడోసారి పంపారు. స్క్రిప్టు పద్ధతి ప్రకారం ఎడమ పక్క పాత్ర చేసే పనులు, కుడి పక్క మాట్లాడే మాటలు, మధ్యలో చక్కటి గీత.

ఈసారి జవాబు మెయిల్లోనే వచ్చింది. 'అందింది సార్. షాట్ పెడుతున్నరు.'

"చూశావా!" అని భార్యను పిలిచారు. ఆ జవాబు కింద, తను పంపిన సీను వాళ్ళకు ఎలా అందిందో అలాగే ఉంది. గీత లేదు. ఎడమ పక్కది కుడి పక్కకు వచ్చి మాటల్లో కలిసిపోయింది.

"ఏంటండీ ఇది?" అంది శ్యామలాదేవి.

"నా శ్రాద్ధం" అన్నారు త్రినాథరావు.

ఫోన్ లైను మీదే నడిచే ఇంటర్నెట్ ఆపి, ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. చేత్తో రాసిన కాగితాలు పట్టుకుని, లుంగీ మీదే ఆటో ఎక్కారు. బంగళాలో అడుగుపెట్టేసరికి కెమెరా తిరుగుతోంది. లీలాకుమారి కన్నీళ్ళతో చెబుతోంది.

"నువ్వు నా కొడుకువే కాదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుని. ఈ గడప తొక్కకు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి. అన్నం తిన్నావా?"

లైట్ల దగ్గరున్నవాళ్ళు నవ్వు ఆపుకోలేక మూతులు మూసుకున్నారు. చివరి మాటకు మాత్రం మూతుల మీది చేతులు కళ్ళ మీదికి వెళ్ళాయి.

"కట్!" అని క్రాంతికుమార్ పరిగెత్తుకొచ్చి త్రినాథరావును కౌగిలించుకున్నాడు. "జీవితాంతం ఏం చేసినా ఎవరూ పట్టించుకోని తల్లి. అందుకే చేసే ప్రతి పనీ తనే పైకి చెప్పుకుంటోంది. ఎంత లోతుగా ఆలోచించారు సార్!"

"అది కాదండీ, ప్రోగ్రాముల్లో తేడా వచ్చి..."

"ఆ తేడాయే కదండీ కావలసింది! మొదటి నుంచీ అమ్మ సీన్లన్నీ ఇలాగే మార్చేయండి."

త్రినాథరావు నోరు తెరిచారు. రెండు పరాజయాలు గుర్తొచ్చి మళ్ళీ మూశారు. చేతిలోని కాగితాలు మడిచి లుంగీలో దోపుకున్నారు.

చిత్రం బ్రహ్మాండంగా ఆడింది. మాతృహృదయాన్ని మీరింతగా ఎలా అర్థం చేసుకున్నారని పత్రికలవాళ్ళు అడిగితే, ఆయన సిగ్గుపడుతూనే రెండు పేజీల జవాబు చెప్పారు.

తరవాతి చిత్రం మొత్తం ఆయనే రాశారు. అది వారం ఆడింది.