ప్రాంప్ట్ వచ్చే వేళ

పొద్దున లేచిన మనిషికి ముందుగా కావలసింది నీళ్ళు కాదండీ, ప్రాంప్ట్!

నవ్వకండి. రెండూ చూసినదాన్ని చెబుతున్నాను. మా ఇంటి ముందు పంపు వేసి మూడేళ్ళయింది. ఒక్క చుక్క రాలేదు, అయినా బతికే ఉన్నాను. వాగు ఉంది, నెత్తి ఉంది, నెత్తిమీద చుట్టకుదురు ఉంది. మరి ప్రాంప్ట్ లేకపోతే? ఈ రోజు ఏం ఊహించుకోవాలో మనకి ఎవరు చెబుతారు? మన పెద్దవాళ్ళు ఎవరూ చెప్పకుండానే ఊహించుకుని ఎంత నష్టపోయారో!

ప్రాంప్ట్ అంటే తెలియనివాళ్ళు ఇంకా మిగిలి ఉంటే వాళ్ళకోసం. రోజూ పొద్దున ఆరింటికి ఫోనులో, రాసేవాళ్ళ గ్రూపులోకి ఒక వాక్యం వస్తుంది, ఈ రోజు దీనిమీద రాయండి అని. మనం రాసి పెట్టాలి. మిగతావాళ్ళు చదివినా చదవకపోయినా చప్పట్ల బొమ్మ పెట్టాలి. సృజన ఈ విధంగా పెరుగుతుంది.

నాకు ఈ భాగ్యం రాజ్యశ్రీగారి వల్ల కలిగింది. ఆవిడ రోడ్డుకి ఎగువన కంపెనీ క్వార్టర్లలో ఉంటారు. నేను దిగువన, ఛత్తీస్‌గఢ్ బైలదిల్లా కొండ కింద, నలభైమూడు ఇళ్ళ పారాలో, అంటే వాడలో, ఉంటాను. మా ఆయన అప్పలకొండ గని కాంట్రాక్టు పనికని విజయనగరం నుంచి నన్ను తీసుకొచ్చి, తను ముందు పైకి వెళ్ళిపోయాడు. రాజ్యశ్రీగారు సాయంత్రాలు ఆంధ్రావాళ్ళ సంఘం హాల్లో అక్షరాలు చెబుతుంటే, యాభైమూడో ఏట వెళ్ళి వెనకవరసలో కూర్చున్నాను. ఏడాదిన్నరకి గుణింతాలు దాటి ఒత్తుల్లో పడ్డాను. అప్పుడు ఆవిడ ఒక సాయంత్రం ఫోను చేశారు. మా పారాలో సిగ్నల్ దొరకాలంటే పందిరి గుంజ పట్టుకుని ఒంటికాలిమీద నిలబడాలి. అలా నిలబడే విన్నాను.

"గంగారత్నంగారూ, రేపటినుంచి మీకు కూడా పొద్దున ఆరింటికల్లా ప్రాంప్ట్ వచ్చేస్తుంది."

అన్నది ప్రాంప్టే. నాకు వినబడింది పంపు.

మా విజయనగరం వైపు కుళాయి అంటాం గానీ, ఇక్కడికొచ్చాక అందరితోపాటు నేనూ పంపు అనడమే నేర్చుకున్నాను. మూడేళ్ళుగా ఎదురుచూస్తున్న మాట చెవిలో పడితే, మొదట్లో ఒక రావత్తు ఉందా లేదా అని ఎవరైనా చూసుకుంటారా? పక్కింటి మాసేకి చెప్పాను. మాసే సుక్మా అవతల నుంచి వచ్చిన మనిషి. ఆవిడకి చెబితే పారాకి చెప్పినట్టే. మర్నాడు అయిదున్నరకల్లా పదకొండుమంది ఆడవాళ్ళం బిందెలు పట్టుకుని మా పంపు ముందు వరుసకట్టాం. మాసే కూతురు రీనా పళ్ళు తోముకోకుండా వచ్చి మొదట నిలబడింది.

సరిగ్గా ఆరింటికి నా ఫోను టింగుమంది.

"మీరు ఒక నీటి చుక్క. మీ ప్రయాణాన్ని అందంగా వర్ణించండి."

నేను పైకి చదివాను. మాసే తన బిందెలోకి ఒకసారి తొంగిచూసుకుంది.

"ఏందక్కా, నీళ్ళు గిప్పుడు ఫోన్ల ఇస్తున్నరా?"

అందరూ నవ్వుకుంటూ వాగుకి నడిచారు. నేనూ నడిచాను, నీటి చుక్క ప్రయాణం గురించి ఆలోచించుకుంటూ. వాగు ఒకటిన్నర మైలు. వెళ్ళేటప్పుడు ఊహ బాగా సాగింది, వచ్చేటప్పుడు మెడ నొప్పి పుట్టింది.

ఆ రోజునుంచి ఈ రోజుదాకా ప్రాంప్ట్ ఒక్క పూట తప్పలేదండీ! ఆదివారం వచ్చింది, హోళీ నాడు వచ్చింది, కరెంటు లేనినాడు వచ్చింది. మోటారు కాలిపోయిందన్న మాట లేదు. ఇంత క్రమంగా మా పారాకి ఇంకేదైనా వచ్చిందా? ఓట్లడిగేవాళ్ళు కూడా అయిదేళ్ళకోసారే కదా!

దానివల్ల కలిగిన లాభాలు చెబితే మీరు నమ్మరు. "మంచు కురిసే వీధిలో ఒక కాఫీ షాపు" అని వచ్చినరోజు వాగుగట్టున చెమటలు కక్కుతూ కూడా నాకు చలేసింది. "మీ బాల్కనీలోంచి కనిపించే దృశ్యం" అని వస్తే మాసేని, ఎదురింటి భీమా పెళ్ళాన్ని కూర్చోబెట్టి ఒక బాల్కనీ ఎలా ఉండాలో మూడు గంటలు చర్చించాం. బాల్కనీ కుదిరింది గానీ దానికి ఇల్లు తగిలించడం కష్టమైంది. "మీ బరువు దించుకోండి" అని వచ్చినరోజు మాత్రం నేను వెంటనే బిందె దించాను.

ఒకసారి నాకు ఏమీ తోచక, ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టాను. "మా ఇంటి ముందు ఒక పంపు ఉంది. అందులో నీళ్ళు రావు. రోజూ తిప్పి చూస్తాను. రావు." అంతే. నాలుగు వాక్యాలు, నాకు వచ్చిన ఒత్తులతో.

గ్రూపు ఊగిపోయింది! స్రవంతిగారు కన్నీళ్ళ బొమ్మలు తొమ్మిది పెట్టారు. ఎండిన పంపు వైధవ్యానికి ఎంత గొప్ప ప్రతీక అని కిషోర్‌గారు పేజీన్నర రాశారు. కాదు బాబూ, పంపు అంటే పంపే అని జవాబిచ్చాను. "పంపు అంటే పంపే!" అన్నది ఇంకా లోతుగా ఉందని దాన్ని ఆ వారపు ఉత్తమ వాక్యంగా ఎంపిక చేశారు. నీళ్ళు రావడం లేదని నేను చెప్పినకొద్దీ నాకు పేరు వచ్చింది. నీళ్ళే వస్తే నేనేమైపోదునో ఆలోచించండి!

ఈ కిషోర్‌గారి వల్లే గ్రూపులో ఒక నియమం పుట్టింది. ఆయన ఒకరోజు ప్రాంప్ట్‌కి తన భార్య పోయినట్టు హృదయవిదారకంగా రాశారు. అందరూ సంతాపం తెలిపారు. ఆవిడా అదే గ్రూపులో ఉంది. ఏదో ధ్యాసలో చదవకుండానే దండం బొమ్మ పెట్టేసింది. ఆ తర్వాత రాజ్యశ్రీగారు ఖచ్చితంగా చెప్పారు: రచన కింద, ఊహించి రాసింది అయితే "కల్పన" అనీ, జరిగింది అయితే "అనుభవం" అనీ రాసి తీరాలి. నేను చదువు చెప్పినవాళ్ళ మాట దాటను.

ఇక్కడ మీకు మా నీళ్ళ ఆఫీసు గురించి చెప్పాలి. ప్రాంప్టులు కనిపెట్టింది ఎవరో పై దేశాలవాళ్ళని మీరు అనుకుంటున్నారేమో, పొరపాటు. మా ఆఫీసు మూడేళ్ళుగా అదే పద్ధతి నడుపుతోంది. మొదటిసారి వెళితే, నీళ్ళు రావడం లేదని రాసివ్వమన్నారు. రీనాచేత హిందీలో రాయించి ఇచ్చాం. రెండోసారి, ఎప్పటినుంచి రావడం లేదో రాసివ్వమన్నారు. అసలు ఎప్పుడూ రాలేదు అంటే, అలాగైతే పంపు ఉన్నట్టు రుజువేమిటో రాసివ్వమన్నారు. ఏడు అర్జీలు రాశాం. రీనా హిందీ ఎంత మెరుగైందంటే బడిలో వ్యాసరచనలో దానికే మొదటి బహుమతి!

ఒకే చిక్కు. ఆ బడికి అది సమయానికి వెళ్ళలేకపోతోంది. మాసేకి నడుము పట్టేసినప్పటినుంచి నాలుగు బిందెలూ రీనావే. ఏడున్నరకి హాజరు పిలుస్తారు. మూడుసార్లు ఆలస్యమైతే ఒక గైర్హాజరు. ఇంకో పదకొండు పడితే పదో తరగతి పరీక్షకి కూర్చోనివ్వబోమని పెద్ద టీచరమ్మ కబురు పెట్టింది. రీనా ఆ పదకొండూ తలుపు వెనక సుద్దముక్కతో గీసుకుంది. గైర్హాజరు పడ్డరోజు వచ్చి ఒక్కోటి చెరుపుతుంది.

సరే, ఈ జనవరిలో ఆఫీసు మా ఇంటికే వచ్చింది. గుమాస్తా ప్రకాష్ జీపు దిగి, నన్ను మాతాజీ అని పిలిచి, ఒక అచ్చుకాగితం చాపాడు. మా పారాలో నలభైమూడు ఇళ్ళకీ రెండు పూటలా నీళ్ళు వస్తున్నాయని అందులో ఉందని రీనా చదివి చెప్పింది. నీళ్ళ కమిటీలో మేం అయిదుగురం. నలుగురి వేలిముద్రలు అప్పటికే పడ్డాయి. ఒక సంతకం అయినా ఉండాలట. పారాలో సంతకం పెట్టగల ఆడమనిషిని నేనొక్కదాన్నే. చూశారా చదువు విలువ! నా ఒక్క సంతకం కోసం జీపు వచ్చింది!

నీళ్ళే రానప్పుడు వస్తున్నాయని ఎలా పెట్టమంటావు నాయనా అన్నాను. ఆయన ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. పని పూర్తి కానిదే పంపు లెక్కలోకి రాదు. లెక్కలోకి రాని పంపుని బాగుచెయ్యడానికి మనిషిని పంపలేరు. కాబట్టి నీళ్ళు వస్తున్నాయని రాసిస్తేనే, నీళ్ళు రావడం లేదని రాసివ్వడానికి వీలవుతుంది.

"ఆప్ తో పఢీ-లిఖీ హై, మాతాజీ," అన్నాడు, చదువుకున్నదానివి నీకు తెలియనిదా అన్నట్టు. "ఇస్కే బాద్ మిస్త్రీ ఆయేగా."

మిస్త్రీ వస్తాడన్న మాట దగ్గర నా మనసు జారింది. మార్చిలో పరీక్ష. మిస్త్రీ ఫిబ్రవరిలో వచ్చినా చాలు. అయినా అంత అబద్ధం కింద ఊరికే పేరు పెట్టడానికి చెయ్యి రాలేదు. అప్పుడు గ్రూపు నియమం గుర్తొచ్చింది! ఏముంది, ఇదీ ఒక రచనే కదా? గంగారత్నం అని గుండ్రంగా సంతకం చేసి, దానికింద అంతే గుండ్రంగా "కల్పన" అని తెలుగులో రాశాను. ప్రకాష్ సంతోషంగా కాగితం మడుచుకుని వెళ్ళాడు.

మాసేకి చెబితే నాలాగా మురిసిపోలేదు.

"వాళ్ళకు తెలుగొస్తదా అక్కా? సదవరాకపోతే అది నిజమే అయితది గద."

ఆఫీసు జీపు డ్రైవరు సీతయ్యది తెలంగాణ సరిహద్దులో తర్లగూడ, అతనికి తెలుగు చదవడం వచ్చు, చదివించుకుంటారులే అన్నాను. నిజంగానే చదివించుకున్నారు.

ఫిబ్రవరిలో మిస్త్రీ రాలేదు, ఉత్తరం వచ్చింది. రీనా తమ ఇంటి గడపమీద నిలబడి చదివింది. సదరు పారా నివాసులు శ్రీమతి గంగారత్నం, శ్రీమతి కల్పన ఇచ్చిన వాంగ్మూలం ప్రకారం నీరు సక్రమంగా అందుతున్నందున ఫిర్యాదులు ఏడూ మూసివేయడమైనది.

రీనా ఇంకోసారి చదివి, తల ఎత్తింది.

"కల్పన ఎవరు పెద్దమ్మా?"

అది లోపలికి వెళ్ళి తలుపు వెనక చూసుకుంది. నాలుగు గీతలు మిగిలాయి.

సీతయ్యని సంతలో పట్టుకుని నిలదీశాను. పాపం, అతను ఏమీ దాచలేదు. "సదవమన్నరు, సదివిన. కల్పన అన్న. అర్థమేందని ఎవరన్న అడిగిన్రా?"

ఆఫీసుకి వెళ్ళి, అది మనిషి కాదు బాబూ, కొట్టెయ్యండి అని బతిమాలాను. ప్రకాష్ తల అడ్డంగా ఊపాడు. వాంగ్మూలం ఇచ్చినవాళ్ళు స్వయంగా వస్తేనే దాన్ని వెనక్కి తీసుకోవడానికి వీలట. నేను వచ్చాను కదా అంటే, ఇద్దరూ రావాలన్నాడు. కల్పనని తీసుకొచ్చి, ఆవిడచేత రాయించి ఇవ్వమన్నాడు.

ఇప్పుడైనా ఒప్పుకుంటారా, రాయమని అడిగేవాళ్ళు ఉండడం ఎంత అదృష్టమో? మమ్మల్ని మూడేళ్ళుగా అందరూ రాయమనే అన్నారు. పైన క్వార్టర్లలో రాయమన్నారు, కింద ఆఫీసులో రాయమన్నారు. రాశాం. ఏం రాశావని అడిగింది మాత్రం పదో తరగతి పిల్ల ఒక్కతే.

కాబట్టి ఇదీ సంగతి. మా పారాలో ఇప్పుడు కాగితం ప్రకారం నలభైనాలుగు ఇళ్ళు. మా నలభైమూడింట్లో నీళ్ళు రావు. కల్పన ఇంట్లో మాత్రం రెండు పూటలా వస్తున్నాయట. ఆ ఇల్లు ఎక్కడో మీలో ఎవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి. రీనా బిందెలు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. ఏడున్నరకి హాజరు పిలుస్తారు.

ఇక రాజ్యశ్రీగారి నియమం ప్రకారం దీని కింద "అనుభవం" అని రాస్తున్నాను. చదివేవారు గమనించాలి, ఇది మనిషి పేరు కాదు.