క్రమశిక్షణ గల నత్త

యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఒకానొక కాలేజీలో డిగ్రీ చదివే ప్రతి పిల్లా పిల్లాడూ ఇకపై పరిశోధన చేసి తీరాలని నిర్ణయం జరిగింది. కనిపెట్టడానికి ఏమీ మిగల్లేదంటే అది విద్యార్థి సొంత నిర్లక్ష్యంగా పరిగణించబడుతుంది.

ఈ ప్రకటన చూసి అందరికంటే ముందు ఎగిరి గంతేసింది రెండో ఏడు చదువుతున్న ఎందుకమ్మ. అది ఆమె అసలు పేరు కాదు. మాటలొచ్చిన నాటి నుంచీ నోరు తెరిస్తే "ఎందుకు?" అనేది గనక ఇంట్లోవాళ్లే అలా ఖాయం చేశారు. జంతుశాస్త్రం పెద్దమాస్టారు తన ల్యాబులో చేర్చుకోగానే తల్లి వీధంతా చాటింపు వేసొచ్చింది.

"మాస్టారి పరిశోధన వ్యాసంలో నీ పేరు అచ్చుపడాలే. ఆ రోజుతో నిన్ను ఎందుకమ్మా అని ఎగతాళి చేసే నోళ్లన్నీ మూతపడతాయి" అంది తల్లి. ఎందుకమ్మకి కూడా అదొక్కటే కోరిక.

ల్యాబంటే ఒక బల్ల, బల్ల మీద గాజుపెట్టె, పెట్టెలో ఒక నత్త. తన జుట్టు నల్లగా ఉన్న రోజుల నుంచీ మాస్టారు ఆ నత్త వేగం మీదే పరిశోధిస్తున్నారు. నత్తను ముట్టరాదు, పలకరించరాదు, దాని వైపు తిరిగి తుమ్మరాదు. దూరం నుంచి చూడాలి, స్కేలు పెట్టాలి, "కదలలేదు" అని రాయాలి. సంగీతం వినిపించారు, కదలలేదు. తిట్టారు, కదలలేదు. పొగిడారు, అప్పుడూ కదలలేదు. పొగడ్తకు లొంగని ప్రాణి లోకంలో ఇదొక్కటేనని మాస్టారు సభల్లో చెప్పి కళ్లు తుడుచుకునేవారు. ఆ నత్త చలవతో ఎంతమంది డాక్టర్లయ్యారో లెక్కే లేదు.

డాక్టరేటు కోసం చేరి ఇంతవరకూ బట్టతల మాత్రమే సాధించిన సీనియరన్నయ్యను పట్టుకుని, దీనికి తిండెందుకు పెట్టరని ఎందుకమ్మ అడిగింది.

"అది అడగలేదుగా" అన్నాడాయన.

ఇలా ఉండగా గాలి ప్రయోగం వచ్చింది. ఫ్యాను పెద్దది చేసేసరికి నత్త టకటకా దొర్లి పెట్టె గోడకు కొట్టుకుంది. ల్యాబు ల్యాబంతా పూనకం వచ్చినట్టు ఊగిపోయింది. నత్తజాతి చరిత్రలోనే అంత వేగం లేదు. సీనియరన్నయ్య ఏడ్చేశాడు. మాస్టారు కబురు చెప్పడానికి ప్రిన్సిపాలు గదికి పరిగెత్తారు. ఆ సందట్లో ఎందుకమ్మ నిబంధన మరిచి నత్తను చేతిలోకి తీసుకుని, వెలుతురుకేసి పెట్టి చూసింది.

"అన్నయ్యా, లోపల ఎవరూ లేరు."

"మెల్లిగా అనవే తల్లీ. నా థీసిస్ బైండింగుకి వెళ్లింది" అన్నాడాయన, తలుపు మూస్తూ.

పాపం మాస్టారికి తెలియదేమో, సాయం చేద్దామనుకుంది పిచ్చిపిల్ల. ఇంటి వెనక కుళాయి దగ్గర దొరికిన బతికున్న నత్తను టిఫిన్ డబ్బాలో పెట్టి తెచ్చింది. సరిగ్గా ఆ రోజే బయటినుంచి నిపుణుల సంఘం వచ్చింది. కొత్త నత్త మర్యాద తెలియనిది. గాజుపెట్టె ఎక్కింది, దిగింది, బల్ల మీద తడిగీత గీస్తూ నడిచొచ్చి, మాస్టారి జీవితకాలపు గ్రాఫు కాగితాన్ని చివర్నుంచి తినడం మొదలెట్టింది. కదిలే నత్తను ఎన్నడూ చూసి ఎరగని నిపుణులు కుర్చీలెక్కి నిలబడ్డారు.

మాస్టారు మాత్రం చెక్కుచెదరలేదు. గొంతు సవరించుకున్నారు.

"మహాశయులారా, నత్త కదలదని ఈ ల్యాబు ఏనాడో రుజువు చేసింది. ఇది కదులుతోంది. కాబట్టి ఇది నత్త కాదు. ఒకవేళ నత్తే అయితే, దీనికేదో జబ్బు చేసింది. ఆ జబ్బు పేరు ప్రాణం."

నిపుణులు కుర్చీల మీదే నిలబడి చప్పట్లు కొట్టారు. "నత్త వేగంపై ప్రాణం కలిగించే దుష్ప్రభావం" అన్న వ్యాసం అక్కడికక్కడే ఖరారైంది.

మాస్టారు ఎందుకమ్మను దగ్గరికి పిలిచారు.

"చూడమ్మాయీ, జబ్బు నమూనా తెచ్చింది నువ్వే. పెట్టెలో ఉన్నదే అసలైన నత్త అని ఒక్క మాట అను. నీ పేరు అచ్చుపడుతుంది."

ఎందుకమ్మ కళ్ల ముందు తల్లి మొహం మెదిలింది, వీధంతా మెదిలింది. సరే అందామని మనస్ఫూర్తిగానే నోరు తెరిచింది. కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది?

"ఎందుకు మాస్టారూ?" అనేసింది.

పేరు కొట్టేశారు.

నత్తను మళ్లీ డబ్బాలో వేసుకుని ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పింది. తల్లి డబ్బాలోని నత్తకు రెండు ఆకులు వేసి, అది తింటుంటే ఒంగి చూసింది. "ఇది నిజంగానే నడుస్తోందే" అంది.

వ్యాసం అచ్చయింది. ఎందుకమ్మ పేరుండాల్సిన చోట ఖాళీ ఉంచడం బాగుండదని, ఏనాడూ ఎదురు ప్రశ్న వేయనందుకు గౌరవంగా గాజుపెట్టెలోని ఆ ఖాళీ గుల్ల పేరే వేశారు. మీరు నవ్వుతున్నారు. నవ్వండి. మొన్ననే గుల్లకు పెద్ద సభ చేసి పతకం తగిలించారు. అది పొంగిపోలేదు, కదలలేదు, మెదలలేదు. ఎంత అణకువ, ఎంత నిండుతనం అంటూ అరిచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టినవాళ్లలో, వెనక వరసలో, మీరూ కనిపించారు.