దొమెంగ్ నోరు, తగ్పి కడుపు

చర్చిలో పాటల సాధనకు వెళ్ళేలోగా ఇల్లు తుడిచేద్దామని లుమినాద చీపురందుకుంది. గుమ్మం దగ్గర ముసలి కుక్క తగ్పి కక్కిన పసరులో ఆమె చెప్పు జర్రున జారింది.

"ఏవయ్యా! రాత్రి దీనికేం పెట్టావ్?"

"చేప తల," అన్నాడు భర్త ఎర్నింగ్, కాఫీ కప్పులోంచి తలెత్తకుండా. "ముసలి కుక్కలన్నాక కక్కుతాయే. దానికింత గోలెందుకు?"

"నువ్వూ ముసలాడివేగా! నువ్వు కక్కితే గోల చెయ్యనా?"

అంతలో తగ్పి మళ్ళీ కక్కింది. లుమినాదకు నిన్నటి సంగతి గుర్తొచ్చింది. షేర్ ఆటోలా జనాన్ని ఎక్కించుకుని తిరిగే జీప్నీ బండి డ్రైవరు, ఎదురింటి దొమెంగ్, "ఈ వయసులో కూడా ఎంత నిగనిగలాడుతోందో!" అంటూ దాని వీపు నిమిరాడు. ఇంకేముంది, దిష్టి! పొగిడినవాళ్ళే ఉమ్మితో తడిపిన బొటనవేలు పొట్టకు రాస్తే తప్ప దిగదు. తమ బటాంగాస్ ప్రాంతంలో పసిపిల్లల దగ్గర్నుంచి అందరికీ అదే వైద్యం.

కుక్కను చంకనెత్తుకుని ఉరికింది. జనంతో కిక్కిరిసిన జీప్నీ అప్పుడే కదులుతోంది. దానికి అడ్డంగా నిలబడింది.

"దిగరా! నా కుక్కని చంపేస్తున్నావ్!"

"నేనా? మెచ్చుకున్నానక్కా!"

"అదే నువ్వు చేసిన పాపం! దీని పొట్టకి ఉమ్మి రాయి!"

దొమెంగ్ బెదిరిపోయి రాశాడు. తగ్పి అతని ప్యాంటు మీదే కక్కింది. అతని భార్య నెనిత ఇంట్లోంచి దూసుకొచ్చింది.

"మా ఆయనది పాడు నోరా? నీ నోటికి జడిసి ఈ వీధిలో కోళ్ళు కూడా కూయడం మానేశాయి!"

"మొన్న నేనూ దాన్ని ముద్దుగుందన్నాను," అని జీప్నీలో ఓ ముసలమ్మ నసిగింది.

"అయితే నువ్వూ దిగు!"

ముసలమ్మ దిగింది. ఆమె వెనక, ఎప్పుడైనా ఏమైనా అన్నామేమోనని అనుమానం ఉన్నవాళ్ళంతా దిగి వరస కట్టారు. దారి మూసుకుపోయి వెనక బండ్లు హారన్లు మోగిస్తుంటే, లుమినాద వాళ్ళను కూడా వదలకుండా తిట్టింది.

ఈసారి తగ్పి కక్కింది కాఫీ పొడి కలిపినట్టు నల్లగా ఉంది. ఎవరో తాగించిన నీళ్ళు తాగించినట్టే బయటికొచ్చాయి. కాళ్ళు మడతపడి కూలబడింది. లుమినాద తిట్లు ఆపి దాన్ని మళ్ళీ చంకనెత్తుకుంది.

"ఎక్కండి!" అని దొమెంగే అరిచాడు. వరసలో ఉన్నవాళ్ళతో సహా, కాఫీ వదిలి పరిగెత్తుకొచ్చిన ఎర్నింగ్‌నీ ఎక్కించుకుని జీప్నీ పశువైద్యురాలి దగ్గరికి పరిగెత్తింది.

డాక్టర్ వియానా కుక్కను చూసి మండిపడింది. "ముసలి కుక్క ఒక్కసారి కక్కి, మామూలుగా తింటూ తిరుగుతుంటే కాస్త ఆగి చూడొచ్చు. మళ్ళీ మళ్ళీ కక్కినా, నీళ్ళు నిలవకపోయినా, నీరసపడినా అప్పటికప్పుడు తేవాలి. ఆ నలుపు రక్తం! ఇంతసేపూ ఏం చేస్తున్నారు?"

అందరూ బొటనవేళ్ళు దాచుకున్నారు. డాక్టరు వాళ్ళను బయటికి తరిమి తలుపు మూసింది. మొగుడూ పెళ్ళాలే మిగిలారు.

"మందులేమైనా వేశారా?"

"ఏం లేదు," అన్నాడు ఎర్నింగ్.

"నా మోకాళ్ళ మాత్ర," అంది లుమినాద, ఎవరూ ఎన్నడూ వినని సన్నటి గొంతుతో. "కుంటుతోంది పాపం అని... రొట్టె ముక్కలో పెట్టి, రోజూ..."

"మనుషుల నొప్పి మాత్రలు కుక్క కడుపుని పుండు చేస్తాయమ్మా! ఇంకో రోజు వేసుంటే దక్కేది కాదు!"

సెలైన్ ఎక్కాక, సాయంత్రానికి తగ్పి తలెత్తి తోక ఆడించింది. లుమినాద గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుని బయటికొచ్చింది. దొమెంగ్ ఎదురొచ్చాడు.

"ఎవరి తప్పని తేలిందక్కా?"

"ఆ మాత్రలు కొనిచ్చింది ఈయనే!" అని గర్జించింది, ఎర్నింగ్‌ను ముందుకు తోసి.

ముసలి కుక్క గండం గట్టెక్కింది; ఇప్పుడు ప్రమాదంలో ఉన్నది ముసలి ఎర్నింగ్ ఒక్కడే.